11×18 హాలు, మన చేనేత, మన బొమ్మలు: ఏది ముందు, ఏది వెనుక?

నాలుగోఅంతస్తు
హైదరాబాద్‌లో కొత్త ఫ్లాటు. హాలూ డైనింగూ కలిపి 11×18 అడుగులు, స్లాబు ఎత్తు 9 అడుగుల 6 అంగుళాలు. పడమటి చివర బాల్కనీలోకి జారుడు అద్దాల తలుపు, 6 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు. గోడలు ఏఏసీ దిమ్మెలు (గాలి బుడగలున్న తేలికపాటి సిమెంటు ఇటుకలు). ఒక పక్క గోడకి అవతల బాత్రూం.
వచ్చిన కొటేషన్లన్నీ ఒకే అచ్చులో ఉన్నాయి. గది మొత్తానికీ ఫాల్స్ సీలింగ్, టీవీ వెనుక పాలరాయిలా కనిపించే షీటు, మధ్యమధ్య బంగారు రంగు పట్టీలు. మాకు పోచంపల్లి తెరలు, ఒక శ్రీకాళహస్తి కలంకారీ, ఏటికొప్పాక, కొండపల్లి బొమ్మలు, కింద వరంగల్ జంపఖానా కావాలి. అలాగని హాలు హస్తకళల స్టాలులా మారకూడదు. దేనితో మొదలుపెట్టాలి?

కొలతబద్ద (ఇంటీరియర్ డిజైనర్)
ముందు తడి, తర్వాత కరెంటు, తర్వాత గోడ. చెక్క పని ఆ తర్వాతే. బట్ట, బొమ్మలు చివర్లో. చాలామంది దీన్ని తిరగేసి సోఫాతో మొదలుపెడతారు. సోఫా వచ్చాక ప్లగ్ పాయింట్లు దాని వెనుక పడతాయి, ఎక్స్‌టెన్షన్ వైర్లు గదంతా పాకుతాయి.

కొలతల సంగతి. మీ గది వెడల్పు 132 అంగుళాలు. సోఫా లోతు 36, టీవీ యూనిట్ 18 తీసేస్తే మధ్యలో 78 మిగులుతుంది. సోఫాకీ టీపాయికీ మధ్య 16, టీపాయి 22, అవతల నడవడానికి 40. సరిగ్గా సరిపోయింది, అంతకు మించి ఒక్క అంగుళం లేదు. 40 అంగుళాల లోతున్న రిక్లైనర్ గానీ, గోడ నుంచి 6 అంగుళాలు ముందుకొచ్చే టీవీ ప్యానెల్ గానీ పెట్టారంటే నడక దారి మీదే దెబ్బ పడుతుంది. అందుకే ఇంత వెడల్పు గదిలో టీవీ వెనుక మందపాటి ప్యానెలింగ్ వద్దంటాను. అందం సంగతి తర్వాత, ముందు చోటు లేదు.

మూడు సీట్ల సోఫా పొడవు 84 అంగుళాలు అనుకుంటే, దాని పైన గోడకి తగిలించే పటం వెడల్పు అందులో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 56 ఉండాలి. ఫ్రేము అడుగు సోఫా వీపుకి 6 నుంచి 10 అంగుళాల పైన. మన ఇళ్లలో చేసేది దీనికి ఉల్టా: 18 అంగుళాల పటాన్ని తలుపు కమ్మీ ఎత్తున వేలాడదీసి తల పైకెత్తి చూస్తారు.

స్టాలులా కాకూడదంటే ఒక గోడ మీద ఒక కళే ఉండాలి. కలంకారీ ఉన్న గోడ మీద ఇంకేమీ వద్దు. తెరలు ఇకత్ (పోచంపల్లి నేత) అయితే సోఫా బట్ట సాదాగా ఉండాలి. జంపఖానాలో కూడా గళ్లూ జంతువులూ ఉంటే అప్పుడు తెరలు సాదా మంగళగిరి నూలు చాలు. బలమైన డిజైను గదికి ఒకటి, మహా అయితే ఒకటిన్నర.

తడిగోడ
బాత్రూం పక్క గోడ అన్నారు కాబట్టి పెయింట్ మాట ఎత్తేముందు ఇది చేయండి. అడుగున్నర చదరం పాలిథీన్ షీటుని నాలుగు అంచులా టేపుతో గోడకి అతికించి 24 గంటలు వదిలేయండి. షీటు లోపలి వైపు, అంటే గోడ వైపు, నీటి చుక్కలు పడితే తడి గోడలో ఉంది. బయటి వైపు పడితే అది గదిలోని గాలి తేమ, దానికి కిటికీ తెరిస్తే చాలు.

గోడలో తడి ఉంటే పుట్టీ మీద పుట్టీ వేసి లాభం లేదు. నీళ్లు ప్లాస్టరింగ్‌లోని ఉప్పుని బయటికి మోసుకొస్తాయి. ఆ ఉప్పు పుట్టీ వెనుక గడ్డకట్టి పొరని బయటికి తోస్తుంది. ఆరు నెలల్లో పొడిపొడిగా రాలుతుంది. ముందు బాత్రూంలో కారణం పట్టుకోవాలి: టైల్స్ సందుల గ్రౌటు, కుళాయి చుట్టూ సీలు, నహాని ట్రాప్ (నేలలో నీళ్లు పోయే జాలీ) చుట్టూ. అది మూశాక ఇవతల తడి కనిపించే చోటుకి ఒక అడుగు పై వరకూ ప్లాస్టరింగ్ చెక్కేసి, 50 కిలోల సిమెంటు బస్తాకి 200 మి.లీ. వాటర్‌ప్రూఫింగ్ ద్రవం కలిపి మళ్లీ పూయాలి. వారం నీళ్లు కొట్టాలి, ఆ తర్వాత మూడు నాలుగు వారాలు ఆరనివ్వాలి. పెయింటర్ "మూడో రోజే వేసేద్దాం సార్" అంటాడు. వద్దు.

పీవీసీ ప్యానెళ్లతో కప్పేస్తే కనిపించదుగా అంటారు కొందరు. కనిపించదు, వెనుక బూజు మాత్రం నిక్షేపంగా పెరుగుతుంది, వాసన ముందు వస్తుంది.

నాలుగోఅంతస్తు
పాలిథీన్ పరీక్ష చేస్తాను. సీలింగ్ సంగతి? అసలు వద్దంటారా?

కొలతబద్ద
9 అడుగుల 6 అంగుళాల స్లాబుకి గది మొత్తం దించకండి. చుట్టూ 2 అడుగుల వెడల్పు, 5 అంగుళాల దిగుడుతో అంచు మాత్రం కట్టించి, మధ్య 7×14 స్లాబు అలాగే వదిలేయండి. ఫ్యాను నేరుగా స్లాబు కొక్కేనికే వేలాడుతుంది, గాలీ బాగా తగులుతుంది.

జిప్సం బోర్డు 12.5 మి.మీ. ఉండాలి. పై ఇనుప సెక్షన్లు 18 అంగుళాలకొకటి. మేస్త్రీ 24 అంగుళాలకి లాగితే ఏడాదిలో బోర్డు మధ్యలో కడుపులా జారుతుంది. బోర్డుల అతుకుల దగ్గర కాగితపు టేపు, జాయింటు కాంపౌండు తప్పనిసరి. ఉత్త పీఓపీతో పూడిస్తే మొదటి ఎండాకాలంలోనే వెంట్రుకవాసి గీతలు కనిపిస్తాయి.

కరెంటుపని
నన్నడిగితే ఆ అంచు కూడా అనవసరం. గోడ మీద లైట్లు, రెండు నిలువు దీపాలు పెట్టుకుంటే సీలింగ్ ఖర్చు మిగులుతుంది, దుమ్మూ బల్లులూ చేరవు. సరే, కట్టించుకుంటానంటే లెక్క ఇది.

గది 198 చదరపు అడుగులు, అంటే 18.4 చదరపు మీటర్లు. కూర్చునే గదికి 150 లక్స్, అంటే చదరపు మీటరుకి 150 ల్యూమెన్ల వెలుగు చాలు. 18.4×150 = 2760 ల్యూమెన్లు నేల మీదికి చేరాలి. గోడలకీ సీలింగ్‌కీ తగిలి దాదాపు సగం పోతుంది కాబట్టి మొత్తం 5,000 ల్యూమెన్లు పెట్టుకోండి. మంచి ఎల్‌ఈడీ వాటుకి 90–100 ల్యూమెన్లు ఇస్తుంది, అంటే నేరుగా కిందికి పడే దీపాలైతే అన్నీ కలిపి 50–55 వాట్లు. ఇదే గదికి 12 వాట్లవి పద్నాలుగు గుండ్రటి లైట్లు గీసిన డ్రాయింగులు తిరుగుతుంటాయి. అవన్నీ వేసుకుని కూర్చుంటే బట్టల దుకాణంలో ఉన్నట్టే.

కోవ్‌లో, అంటే సీలింగ్ అంచు వెనుక దాగే గాడిలో, ఎల్‌ఈడీ స్ట్రిప్ వేస్తే 24 వోల్టులది తీసుకోండి. 12 వోల్టులది 5 మీటర్లు దాటితే చివర మసకబారుతుంది. మీ లోపలి చుట్టుకొలత 42 అడుగులు, 12.8 మీటర్లు. మీటరుకి 6 వాట్ల స్ట్రిప్ అయితే 77 వాట్లు. డ్రైవర్ (స్ట్రిప్‌కి కరెంటు అందించే పెట్టె) 100 వాట్లది పెట్టాలి, నిండా లోడు వేస్తే వేడెక్కి పోతుంది. స్ట్రిప్‌ని మూడు ముక్కలు చేసి ఒక్కోదానికీ డ్రైవర్ నుంచి విడిగా వైరు లాగాలి. ఒకదాని తోకకి ఇంకోటి కట్టొద్దు. అల్యూమినియం ప్రొఫైల్ లేకుండా జిప్సం మీద అతికిస్తే వేడి పోయే దారి లేక జిగురూ వదులుతుంది, ఎల్‌ఈడీలూ త్వరగా చస్తాయి. డ్రైవర్‌ని సీలింగ్‌లో పెట్టి మూసేయొద్దు. చెయ్యి పట్టే మూత ఉండాలి. మొదట పాడయ్యేది అదే.

కోవ్ లైటు స్లాబుకి తగిలి సగానికి సగం పోయే వెలుగు కాబట్టి పై 5,000 లెక్కలో దాన్ని సగమే వేసుకోండి. మిగతాది 7 వాట్ల స్పాట్లు మూడు నాలుగుతో తీరుతుంది.

ఫ్యాను రెక్కల అంచుకీ స్పాట్ లైటుకీ కనీసం అడుగున్నర దూరం. దగ్గరుంటే నీడ టపటపా కొట్టుకుంటుంది, పది నిమిషాల్లో తలనొప్పి.

చేనేతబంధు
రంగు గురించి ఒక్క మాట. లైటు 3000 కెల్విన్ (పసుపు ఛాయ వెలుగు), సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన ఉన్నది అడగండి. 6500 తెల్ల లైటు కింద కలంకారీలోని మంజిష్ఠ ఎరుపు ఇటుకపొడిలా పాలిపోతుంది, కరక్కాయ పసుపు బూడిదలోకి దిగుతుంది.

కరెంటుపని
డైనింగ్ వైపు మాత్రం 4000 పెట్టుకోవచ్చు. పిల్లలు అక్కడే హోంవర్క్ రాస్తారు.

కొలతబద్ద
ఒకే పొడవాటి గదిలో రెండు రంగులు వేస్తే అతుకు కనిపిస్తుంది కరెంటుపని గారూ. డైనింగ్ బల్ల మీద వేలాడే దీపం 3000 లోనే, కాస్త ఎక్కువ ల్యూమెన్లతో, బల్లకి 30 అంగుళాల పైన పెడితే చదువుకీ చాలు.

నాలుగోఅంతస్తు
సరే, 3000. తెరల లెక్క చెప్పండి. టైలర్ 9 మీటర్లు చాలంటున్నాడు.

చేనేతబంధు
చాలదు. తలుపు 72 అంగుళాలు. రాడ్డు రెండు వైపులా 8 చొప్పున ఎక్కువుంటే 88. తెర తీసినప్పుడు బట్టంతా గోడ మీదికి వెళ్లి అద్దం పూర్తిగా తెరుచుకోవాలంటే ఆ ఎనిమిది కావాలి. కుచ్చులకి రెట్టింపు: 176 అంగుళాల బట్ట. పోచంపల్లి తాను పన్నా (వెడల్పు) సాధారణంగా 46 అంగుళాలు, కాబట్టి నాలుగు తెరలు.

ఎత్తు: మీ సీలింగ్ అంచు 9 అడుగుల 1 అంగుళం దగ్గర ఆగుతుంది. రాడ్డు 8 అడుగుల 6 దగ్గర వేయండి. తలుపు పైనే వేస్తే గది పొట్టిగా కనిపిస్తుంది. నేలకి అర అంగుళం పైన ఆగేలా 101.5 అంగుళాలు. పైమడత, కింది మడత కలిపి 14. మొత్తం 115.5, అంటే 2.93 మీటర్లు. ఉతికితే నూలు 3–5 శాతం ముడుచుకుంటుంది. డిజైను పక్క తెరతో కలవడానికి కొంత వదలాలి. తెరకి 3.25 మీటర్లు, నాలిగింటికి 13.

ఇంకో సంగతి. నాలుగు తెరలూ ఒకే తాను నుంచి తీసుకోండి. ఇకత్‌లో నూలుని ముందే కట్లు కట్టి రంగు వేసి తర్వాత నేస్తారు, కాబట్టి ఒక మగ్గం మీద వచ్చిన డిజైను కొలత ఇంకో మగ్గం మీద అంగుళం అటూ ఇటూ అవుతుంది. పక్కపక్కన వేలాడితే ఆ తేడా కళ్లకి కొట్టినట్టు తెలుస్తుంది. అంచులు మసకగా ఉండటం మాత్రం లోపం కాదు. గీత గీసినంత పదునుగా ఉండి, వెనుక వైపు రంగు పాలిపోయి ఉంటే అది ఇకత్ డిజైను అచ్చు వేసిన బట్ట.

కుట్టించే ముందు బట్టని చల్లని నీళ్లలో రాత్రంతా నానబెట్టి నీడలో ఆరేయండి. ముడుచుకునేది కుట్టక ముందే ముడుచుకోవాలి.

పాతచెక్క
ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందంటారే?

చేనేతబంధు
ఉప్పుతో నిలిచేదేమీ లేదండి. ముదురు ఎరుపు, నలుపు మొదటి రెండు ఉతుకుల్లో పైపై రంగు వదులుతాయి, దాన్ని పోనివ్వాలి. చల్లని నీళ్లు, తక్కువ సబ్బు, విడిగా ఉతకడం. అంతే.

పడమటి ఎండ మీద ఉన్న తలుపు కాబట్టి వెనుక తెల్ల లైనింగ్ లేకుండా వేయొద్దు. లైనింగ్‌ని పైన మాత్రమే కుట్టించండి, కింద విడిగా వేలాడాలి, తెర కంటే అంగుళం పొట్టిగా. రెండు బట్టలూ వేర్వేరుగా ముడుచుకుంటాయి. కింద కూడా కలిపి కుట్టేస్తే మొదటి ఉతుకుకే అంచు ముడతలు పడి గొడుగులా తయారవుతుంది.

దిండు గలీబులు కూడా అదే బట్టతో కావాలంటే: 16 అంగుళాల గలీబులు ఐదింటికి రెండున్నర మీటర్లు. లోపల దిండు 18 అంగుళాలది వేయండి, అప్పుడే మూలలు నిండుగా ఉంటాయి.

బొమ్మలకొలువు
కలంకారీ ఫ్రేము గురించి ఎవరూ చెప్పలేదు. శ్రీకాళహస్తి పని అయితే కలంతో గీసింది. పెడన వైపు దిమ్మెలతో అద్దింది వేరు, అది తెరలకీ గలీబులకీ వాడుకోవచ్చు. కలం పనిని మాత్రం ఫ్రేములోనే పెట్టండి.

ఫ్రేము కట్టేవాడు చేసే మొదటి తప్పు బట్టని ఫెవికాల్‌తో ప్లై మీద అతికించడం. కొన్నేళ్లకి జిగురు పసుపు మచ్చలుగా పైకి తేలుతుంది, బట్టని మళ్లీ ఊడదీయలేరు. దాని బదులు ఉతికిన సాదా నూలు బట్టని బోర్డుకి బిగించి, దాని మీద కలంకారీని అంచుల వెంట సూదితో కుట్టించాలి. మరీ లాగి బిగించొద్దు. నల్ల గీతలు ఇనుప ముక్కలూ బెల్లమూ పులియబెట్టిన కసిమితో వేస్తారు. ఆ ఇనుము కాలక్రమంలో నూలుని బలహీనపరుస్తుంది. లాగి పెట్టిన పాత కలంకారీలు సరిగ్గా నల్ల గీత వెంటే చిరుగుతాయి.

అద్దానికీ బట్టకీ మధ్య 5–6 మి.మీ. ఖాళీ ఉండేలా లోపలి అంచున పట్టీ పెట్టించండి. అద్దం బట్టకి తగిలితే వానాకాలంలో తేమ అక్కడే నిలిచి చుక్కలు చుక్కలుగా బూజు పడుతుంది. ఫ్రేము వెనుక కింది మూలల్లో రెండు రబ్బరు బిళ్లలు అతికిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది. సోఫా గోడ మీద బాల్కనీ నుంచి కనీసం ఆరేడు అడుగులు లోపలికి పెట్టండి. సాయంత్రం ఎండ ఏటవాలుగా గోడ వెంటే వస్తుంది. ఆ సోఫా గోడే బాత్రూం గోడ అయితే తడిగోడ గారి పరీక్ష అయ్యేదాకా మేకు కూడా కొట్టొద్దు.

బొమ్మలు. ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్ర మీద లక్కతో చేసింది. లక్క వేడికి మెత్తబడుతుంది, స్పిరిట్‌కి కరుగుతుంది. కాబట్టి సెట్ టాప్ బాక్స్ మీద పెట్టొద్దు, శానిటైజర్‌తోనూ అద్దాలు తుడిచే స్ప్రేతోనూ తుడవొద్దు. పొడి బట్ట చాలు. కొండపల్లివి తెల్ల పొణికి కర్ర, ముక్కల్ని చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. తడి తగిలితే అతుకు వదులుతుంది. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపండి. చేర్యాల మాస్కులకీ ఇదే జాగ్రత్త.

గూడు లోతు 7 అంగుళాలు చాలు. ఒక అరకి మూడు బొమ్మలు, ఎత్తుల్లో తేడాతో. పదిహేను ఉంటే పన్నెండు పెట్టెలో ఉంచి మార్చి మార్చి పెట్టుకోండి.

డల్లాస్‌తెలుగు
ఇక్కడ అమెరికాలో ఇదే పని చేసేవాళ్లకి రెండు ముక్కలు. గోడలు జిప్సం బోర్డే, వెనుక చెక్క నిలువులు మామూలుగా 16 అంగుళాలకొకటి ఉంటాయి. బరువు ఫ్రేము, తెరల రాడ్డు ఆ నిలువుకే స్క్రూ పడాలి. పదమూడు మీటర్ల నూలు, లైనింగ్‌తో కలిపి, అద్దె ఇంట్లో వాడే స్ప్రింగు రాడ్డు మీద నిలవదు. శీతాకాలం హీటర్‌తో గాలి బాగా ఎండిపోతుంది, కొండపల్లి బొమ్మల అతుకులు అప్పుడే పగులుతాయి. హీటర్ గాలి వచ్చే జాలీకి దూరంగా ఉంచి, గదిలో తేమ 40 శాతం దగ్గర ఉండేలా చూసుకోవాలి.

పాతచెక్క
టీవీ యూనిట్ సంగతి. ఏఏసీ గోడ అన్నారు, అదే అసలు చిక్కు. స్క్రూ పట్టడానికి కన్నంలో దూర్చే మామూలు చిన్న ప్లగ్గు దిమ్మెలో పట్టు దొరక్క ఊడొస్తుంది. 80–100 మి.మీ. పొడవున్న, ఏఏసీకి సరిపోయే నైలాన్ ప్లగ్గులు అడగండి. డ్రిల్లుని హ్యామర్ మోడ్‌లో పెట్టొద్దు. దిమ్మె మెత్తన, కన్నం పెద్దదైపోతుంది. టీవీ వెనుక ముందు 18 మి.మీ. ప్లై పలకని ఎనిమిది స్క్రూలతో గోడకి బిగించి, బ్రాకెట్‌ని ఆ పలకకి బిగిస్తే బరువు పంచుకుంటుంది. కొత్త టవర్లలో గోడలు మివాన్ (అచ్చుల్లో పోసిన) కాంక్రీటు అయితే ఇదంతా తారుమారు: అక్కడ హ్యామర్ డ్రిల్లే కావాలి, వైర్లకి గోడ చెక్కడం మాత్రం కుదరదు, అది బరువు మోసే గోడ.

ప్లైలో బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లనీ తట్టుకునే) రకం హాలుకి చాలు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై సింకు కింద పెట్టుకోండి. తలుపులకి బయట 1 మి.మీ. లామినేట్ వేసి లోపల ఊరికే రంగు పూస్తే పలక ఒక వైపుకి వంగుతుంది. లోపలా 0.8 మి.మీ. లామినేట్ ఉండాలి. టీవీ నుంచి యూనిట్‌కి రెండు అంగుళాల పైపు గోడలో వేయించండి. వైర్లు ఎప్పుడు మార్చినా పలక విప్పనక్కర్లేదు. టీవీ మధ్య భాగం నేల నుంచి 42 అంగుళాలు.

నాలుగోఅంతస్తు
జంపఖానా ఏ సైజు? ఇత్తడి ఉరుళి (వెడల్పాటి పళ్లెం లాంటి పాత్ర) కూడా ఒకటి పెట్టాలనుంది.

కొలతబద్ద
6×9 అడుగులు, 9 సోఫా పొడవు వెంట. సోఫా ముందు కాళ్లు దాని మీద పడాలి. 4×6 తెస్తే గది మధ్యలో తువ్వాలు పరిచినట్టుంటుంది. విట్రిఫైడ్ టైల్స్ మీద నూలు జంపఖానా జారుతుంది, పెద్దవాళ్లుంటే ప్రమాదం. కింద జారకుండా పట్టే రబ్బరు జల్లెడ షీటు, నాలుగు వైపులా జంపఖానా కంటే అంగుళం చిన్నగా కోసి వేయండి. రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి మూడు నెలలకోసారి తిరగేయండి.

ఉరుళిలో నీళ్లూ పూలూ పెడితే రోజూ మార్చాలి, లేదంటే దోమలకి ఇల్లు కట్టిచ్చినట్టే. చింతపండుతో తోమాక పులుపు పూర్తిగా కడిగి, వెంటనే పొడి బట్టతో తుడవాలి. మిగిలిన పులుపు దగ్గరే పచ్చటి చిలుము పడుతుంది. కింద చెక్క బల్ల ఉంటే రాతి పలక వేయండి.

పెయింట్ లెక్క కూడా చెప్పేస్తాను. తలుపులూ ఖాళీలూ తీసేస్తే మీ గోడలు సుమారు 450 చదరపు అడుగులు. లీటరు రెండు కోట్లకి 65 చదరపు అడుగులు వస్తుంది, 7 లీటర్లు. మెరుపు లేని రకమే తీసుకోండి. కోవ్ లైటు గోడ మీదికి జారినప్పుడు మెరిసే పెయింట్ పుట్టీలోని ప్రతి అలనీ చూపిస్తుంది. ప్రైమర్ వేయక ముందే చీకట్లో ఫోన్ లైటుని గోడకి ఆనించి ఏటవాలుగా చూడండి. ఎగుడుదిగుడులు అప్పుడే పెన్సిల్‌తో చుట్టి పెయింటర్‌కి చూపించాలి. రంగు నమూనా 2×2 అడుగులు, రెండు కోట్లు, రెండు వేర్వేరు గోడల మీద వేసి పొద్దున, సాయంత్రం నాలుగుకి, రాత్రి దీపాల కింద చూసి ఖాయం చేయండి.

నాలుగోఅంతస్తు
పాలిథీన్ షీటు అతికించి 24 గంటలైంది. గోడ వైపే చుక్కలు. నేల నుంచి రెండడుగుల దాకా ఉన్నాయి.

తడిగోడ
రెండడుగుల దాకానే అంటే షవర్ కన్నా నేల వైపే అనుమానం. నహాని ట్రాప్‌ని మూసి బాత్రూం నేల మీద రెండు అంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టండి. కింది ఫ్లాటువాళ్లకి ముందే చెప్పి వాళ్ల సీలింగ్ కూడా చూడమనండి. మట్టం తగ్గి తడి పెరిగితే నేల వాటర్‌ప్రూఫింగ్ పోయినట్టు, అది బిల్డర్ చేయించాల్సిన పని. కొత్త ఫ్లాటు కాబట్టి ఫొటోలూ తేదీలూ పెట్టి రాతపూర్వకంగా అడగండి. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కింద ఇల్లు అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో లోపం చూపిస్తే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. మీరే టైల్స్ పగలగొడితే తర్వాత మీ పనే అంటారు.

కొలతబద్ద
అయితే ఆ గోడ ఆరేదాకా పుట్టీ ఆపి, ఈలోగా కరెంటు పైపులు, సీలింగ్ ఫ్రేము మిగతా మూడు వైపులా నడిపించుకోండి. పోచంపల్లి బట్ట ఇప్పుడే చెప్పి పెట్టండి, ఒకే తాను 13 మీటర్లు కావాలంటే నేయించుకోవాల్సి రావచ్చు.